కాయకు శనివారం తెలియదు

మా రోజుల్లో వేసవి చివర రెండు కార్తెల పని ఉండేది. మే 11 ప్రాంతంలో కృత్తిక, 25కి రోహిణి. జూన్ 8న మృగశిర ప్రవేశించేసరికి తోటలో పని ఒక కొలిక్కి వచ్చి తీరాలి. కార్తెలు ఇప్పటికీ ఆ తేదీలకే వస్తున్నాయి. మనిషి తోటకు వెళ్లే రోజులే మారాయి. శుక్రవారం రాత్రి కారెక్కడం, ఆదివారం సాయంత్రం ట్రాఫిక్ పెరగకముందే తిరుగుముఖం పట్టడం. ఆ మధ్యలో ఎంత జరిగితే అంత వ్యవసాయం.

మా మేనల్లుడు షాద్‌నగర్ అవతల పది గుంటలు కొన్నాడు. మా లెక్కలో పాతిక సెంట్లు. నూజివీడు దగ్గర మా నాన్న పెంచిన మామిడితోటలో చిన్నప్పటి వేసవి సెలవులన్నీ గడిపినవాడు కాబట్టి, కొన్న ఏడాదే బంగినపల్లి, చిన్నరసం అంట్లు తెచ్చి పెట్టాడు. (నూజివీడును ఇప్పుడు ఏలూరు జిల్లాలో కలిపారు గానీ, నా నోటికి కృష్ణా జిల్లా అనే వస్తుంది.) వాడు నేల కొన్నందుకు నాకు సంతోషమే. ఉన్న సెంటూ అమ్ముకుని పోయేవాళ్లను ఇన్నేళ్లుగా చూస్తున్న నాకు, జీతం రాళ్లు కూడబెట్టి నేల కొన్నవాడు కనిపిస్తే కడుపు నిండినట్టుంటుంది. నా బాధల్లా ఒకటే. వీళ్లు పండు కోసం వస్తారు, పండు అయిపోగానే వెళ్లిపోతారు. తోటలో అసలు పని అప్పుడే మొదలవుతుందంటే వినిపించుకోరు.

మొన్న వేసవిలో ఫోన్ చేశాడు. "మామయ్యా, కాయ బాగా దిగింది. ఈ శనివారం పిల్లల్ని తీసుకెళ్లి కోసేద్దామనుకుంటున్నాం."

"చెట్టు మీద పండి ఒక్కటైనా రాలిందట్రా?" అన్నాను.

"ఇంకా లేదండీ. పై శనివారం నాకు ఆఫీసు పనుంది, అందుకని..."

"కాయకు శనివారం తెలియదురా" అన్నాను. వాడు వినలేదు. కోసేశాడు.

కాయ ఎదిగిందో లేదో చెప్పాల్సింది చెట్టు. తొడిమకు అటూ ఇటూ కాయ భుజాలు పైకి లేచి, తొడిమ చిన్న గుంటలో కూర్చున్నట్టుండాలి. ముదురాకుపచ్చ కాస్త వెలిసి, తోలు మీద చుక్కలు తేలాలి. ఒకటో రెండో వాటంతటవే పండి రాలాలి, చిలకలు కొట్టడం మొదలుపెట్టాలి. ఇంకా అనుమానముంటే ఒక కాయ కోసి నీళ్ల బాల్చీలో వేయాలి. ఎదిగినదైతే మునుగుతుంది, లేతదైతే తేలుతుంది. మా నాన్న ఆ నెలంతా పొద్దున్నే ప్రతి చెట్టు కిందా నిలబడి తలెత్తి చూసేవాడు. ఒకే జాతి చెట్లయినా ఒక్కసారి రావు. ఒకే చెట్టులో కూడా ఎండ తగిలే కొమ్మల కాయ ముందు, లోపలి గుబురులోది వెనక. అందుకే చెట్టును మూడు నాలుగు దఫాలుగా కోసేవాళ్లం. ఇప్పుడు ఒక్క పూటలో ఊడ్చేస్తున్నారు.

దీనికి పట్నం వాళ్లను మాత్రమే అనడం న్యాయం కాదు. మా వైపు తోటను పూత మీదే గుత్తకిచ్చేస్తున్నారు. గుత్తదారుకు ధర ఉన్న రోజే కోత రోజు. సీజను మొదట్లో ధర బాగుంటుంది కాబట్టి, టెంక గట్టిపడని కాయ కూడా లారీ ఎక్కుతుంది. అది పండదు, వడిలి ముడతలు పడుతుంది. దాన్ని పండులా కనిపించేట్టు చేయడానికి కార్బైడ్. పళ్లు మాగబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడకూడదని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. వ్యాపారుల భాషలో దాని పేరు మసాలా. తేమ తగలగానే ఎసిటిలీన్ వాయువు వదులుతుంది, అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు కూడా ఉంటాయి. దాని బదులు ఇథిలీన్ వాయువును మిలియన్‌కు 100 పాళ్లు మించకుండా వాడుకోవచ్చని 2016లో అనుమతించారు. ఇథిలీన్ మీద నాకు పేచీ లేదు, మాగేటప్పుడు కాయ తనంతట తాను విడుదల చేసుకునేది కూడా అదే. నా పేచీ ఎదగని కాయ కోయడం మీద. కాయలో చేరిన పిండి పదార్థమే మాగేటప్పుడు చక్కెరవుతుంది. పిండే చేరకపోతే ఏ గ్యాసు పెట్టినా రంగు వస్తుంది, తీపి రాదు.

మా కోత తీరు చెబుతాను. పొడుగాటి వెదురు గెడ, దాని చివర ఇనుప రింగు, రింగుకు తాడుతో అల్లిన వలసంచి, రింగు నోటి దగ్గర ఓ చిన్న కత్తి. చిక్కం అంటాం. కాయను సంచిలోకి తీసుకుని, తొడిమ కత్తికి ఆనేట్టు పెట్టి, మణికట్టు ఒక్కసారి తిప్పితే చాలు. బొటనవేలంత తొడిమ కాయకే ఉండిపోవాలి. తొడిమ మొదలంటా ఊడితే సొన చిమ్ముతుంది. అది పడ్డ మేర తోలు కాలినట్టు నల్లబడుతుంది, మనిషి పెదవికి తగిలితే పుండు పడుతుంది. గెడను నేల దాకా దించి కాయను చేతిలోకి తీసుకోవాలే గానీ, పైనుంచి జారవిడవకూడదు. తర్వాత నీడలో కూర్చుని తొడిమలు విరిచి, కాయల్ని గడ్డి మీద బోర్లించేవాళ్లం, సొనంతా కారిపోయేట్టు. ఈ పని మా అమ్మ ఎవరికీ అప్పగించేది కాదు. తానే చీర కొంగు నడుముకు బిగించి, ఒక్కో కాయ తీసి, తొడిమ విరవగానే ముఖం పక్కకు తిప్పుకుని బోర్లించేది. దెబ్బ తగిలిన కాయ చేతికి తెలిసేది ఆమెకు. వాటిని వేరే తట్టలో వేసేది, ఆ పూటే పప్పులోకి.

మేనల్లుడి తోటలో పిల్లలు కొమ్మలు పట్టుకుని ఊపారు. కాయలు దబదబా రాలుతుంటే ఫొటోలు తీశారు. పిల్లల్ని నేనేమీ అనను, వాళ్లకు చిక్కం ఎవరు చూపించారు గనక? ఆ కాయల్ని డిక్కీలో పోసుకుని పట్నం తీసుకెళ్లారు. నాలుగో రోజుకు సగం కుళ్లిపోయాయని మా మేనకోడలు ఫోన్ చేసి, జాతి మంచిది కాదేమో అంది. జాతిది తప్పు కాదు, నేలకు తగిలిన దెబ్బది.

మాగబెట్టడానికి మా ఇంట్లో వెనక గది ఉండేది. అడుగున వరిగడ్డి, దాని మీద ఒక వరస కాయ, మళ్లీ గడ్డి. రోజూ చేయి పెట్టి చూసి, మెత్తబడ్డవాటిని పైకి తీసి, మచ్చపడ్డవాటిని పారేయాలి. రసాలకు అయిదారు రోజులు పట్టేది. వాసన గది దాటి వీధిలోకి వచ్చిందంటే చుట్టాలకు కబురు పెట్టేవాళ్లం.

ఆవకాయ సంగతి అందరికీ తెలిసిందే గనక ఎక్కువ రాయను. వాన పడకముందు కోసిన, టెంక గట్టిపడిన కొత్తపల్లి కొబ్బరి కాయ కావాలి. వాన నీరు తాగిన కాయ ముక్క మెత్తబడుతుంది. ఒకటి మాత్రం చెప్పాలి. ఆ రోజుల్ని తలుచుకుని ఆహా ఓహో అనేవాళ్లు, ఆ ఎండల్లో కాయలు కొట్టి, కారాలు దంచి, తాటిచాపల మీద పొర తర్వాత పొర తాండ్ర పోసిన ఆడవాళ్ల వేళ్లు చూడలేదు. ఆ కష్టం మళ్లీ రావాలని నేను కోరను. రోకలి పోయి మిల్లు వచ్చినందుకు నాకు ఏ బాధా లేదు.

ఇక రోహిణి. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండే మాకు పనిముట్టు. కోత అయిపోయిన చెట్ల మధ్య దుక్కి దున్నేవాళ్లం, వాలుకు అడ్డంగా. మట్టి పెళ్లలు తిరగబడితే తుంగ గడ్డలు ఎండకు మాడతాయి. పండుఈగ పురుగు కాయలోంచి నేలలోకి దిగి ప్యూపాగా మారుతుంది. అదీ పైకి వచ్చి ఎండకు చస్తుంది, లేదా కొంగల నోట పడుతుంది. తొలకరి వాన పడితే నీరు వాలుకు పారిపోకుండా చాళ్లలో ఇంకుతుంది. ఒక్క దుక్కితో ఇన్ని పనులు. దానికి ముందు రాలిన కాయనల్లా ఏరి లోతుగా గుంట తీసి పూడ్చాలి. ఈ ఏరడమే వీళ్లు చేయరు. రాలిన పండు చెట్టు కింద కుళ్లిందంటే వచ్చే ఏడు పురుగును మనమే పెంచుతున్నట్టు.

తర్వాత చెట్టెక్కి ఎండు పుల్లలు విరవాలి, బదనిక కొట్టాలి. బదనిక ఆకు మామిడి ఆకులా కలిసిపోతుంది, పట్నం కంటికి ఆనదు. కొమ్మలో వేళ్లు దించి చెట్టు సత్తువ పీల్చే మొక్క అది. దాన్ని పైపైన తుంచితే మళ్లీ చిగురిస్తుంది, పట్టుకున్న చోటికి కిందుగా కొమ్మనే కోసేయాలి.

అదే పక్షంలో చెరువు మట్టి. చెరువు అడుగు నెర్రెలు విచ్చి ఉండేది. బండ్లు కట్టుకుని తెల్లవారుజామున పోయి, ఎండెక్కేలోగా రెండు తోలకాలు. ఎండ ముదిరాక ఇంటికొచ్చి తరవాణి తాగి పడుకోవడం, పొద్దు వాలాక మళ్లీ తోటకు. మట్టి తోలాక గొర్రెల మంద కట్టించేవాళ్లం. కాపరితో రాత్రికి ఇంత ధాన్యమని మాట్లాడుకుంటే, ఒక రాత్రి ఈ చెట్ల కింద, మరుసటి రాత్రి ఆ చెట్ల కింద మంద తిప్పేవాడు. పెంటికలే కాదు, గొర్రె మూత్రం కూడా నేలకు బలమే. ఇప్పుడు మా ఊళ్లోనే మంద కట్టించేవాళ్లు వేళ్ల మీద లెక్క. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీసినప్పుడు ఆ మట్టిని చేలకు తోలుకోమన్నారు. మేనల్లుడి భూమికి దగ్గర్లోనూ చెరువుంది. ఏ వేసవిలోనైనా అనుమతి తీసుకుని నాలుగు ట్రాక్టర్లు తోలించుకోరా అన్నాను. లాన్ పాడవుతుందన్నాడు.

ఆ లాన్ గురించి చెప్పకుండా ఉండలేను. మామిడికి పూత ముందు రెండు మూడు నెలలు నీరు ఆపాలి. అప్పుడే కొమ్మ వాడు పట్టి పూతకు తిరుగుతుంది. నీరు అందుతూ ఉంటే ఆకు చిగుళ్లే వేస్తుంది. కోతకు రెండు మూడు వారాల ముందు కూడా నీరు తగ్గించాలి, లేకపోతే పండు చప్పబడుతుంది, నిలవ ఉండదు. లాన్‌కు రోజూ నీళ్లు కావాలి. చెట్ల మొదళ్ల దాకా లాన్ పరిచి ఏడాదంతా స్ప్రింక్లర్లు తిప్పితే చెట్టు ఎప్పుడు ఎండాలి, ఎప్పుడు పూయాలి? భూమి అమ్మిన కంపెనీ వాళ్లు నిర్వహణ మాదేనని కాగితం రాసిచ్చారు. వాళ్ల నిర్వహణ నేను వెళ్లి చూశాను. గడ్డిమందు కొట్టి పోయారు. చిన్న అంట్ల మీద ఆ మందు పడి ఆకు మాడింది, రెండు చచ్చాయి. అడిగితే ఎండ దెబ్బన్నారు. ఎండ దెబ్బకు గడ్డీ మొక్కా ఒకే వరసలో, ఒకే వెడల్పున మాడతాయా?

మంచిని మంచి అనాలి. బిందు సేద్యం మా నాన్నకు దొరికుంటే బావి దగ్గర నడుము విరగ్గొట్టుకునేవాడు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం వల్ల మా వైపు మెట్ట తోటలు ఎన్నో నిలబడ్డాయి. కాయలకు కాగితం కవర్లు తొడగడం కూడా మంచి పనే. పండుఈగ చేరదు, తోలు మీద మచ్చ రాదు. పది గుంటల్లో కాసే కాయకు ఒక్కోదానికి కవరు తొడిగే ఓపిక పెద్ద తోటల వాళ్లకంటే వీళ్లకే సాధ్యం. చిన్న తోటకున్న సుఖమదే, ప్రతి కొమ్మా కంటి ముందుంటుంది. ఆ సుఖాన్ని వదులుకుని, వంద ఎకరాల ఆసామిలా జీతగాళ్ల మీద, కాగితాల మీద నడిపిస్తామంటేనే నాకు కోపం.

జూన్‌లో నేనే వెళ్లి కూర్చున్నాను అక్కడ. వాచ్‌మన్ భార్య పాలమూరు మనిషి, పని తెలిసిన తల్లి. ఆమె, నేను కలిసి రాలిన కాయలు ఏరి పూడ్చాం. పిల్లలు తిని పారేసిన రసాల టెంకలు కడిగి నీడన ఆరబెట్టాం. మామిడి టెంక నెల దాటితే మొలకశక్తి పోతుంది, వెంటనే నాటాలి. మేనల్లుడి కూతురు ఫోన్‌లో, "తాతయ్యా, అవి మొలిస్తే అవే కాయలు కాస్తాయా?" అని అడిగింది. అవే కాయవమ్మా, మొలిచిన మొక్కకు మంచి చెట్టు కొమ్మ తెచ్చి అంటు కట్టాలి అన్నాను. తను కడతానంది. ఏడాది ఆగాలని చెబితే సరేనంది. ఆ పిల్ల మాట మీద నాకు నమ్మకముంది, అందుకే మడి కట్టి టెంకలు వరసగా పెట్టి వచ్చాను.

వచ్చే ఏడాది పనికి మేనల్లుడితో ఇప్పటినుంచే మాట తీసుకుంటున్నాను. మామిడి చెట్ల చుట్టూ కొమ్మలు పరుచుకున్నంత మేర లాన్ తీసేయాలి. పశువుల ఎరువు మొదట్లో కుప్ప పోయకుండా కొమ్మల చివరల కింద గాడి తీసి వేయాలి, పీచు వేళ్లు ఉండేది అక్కడే. రోహిణిలో దుక్కి, మృగశిర వాన పడగానే చెట్ల మధ్య జనుము చల్లడం, నెలన్నరకు పూత దశలో కలియదున్నడం. పది గుంటలకు నాలుగైదు కిలోల విత్తనం చాలు. విత్తనం నేను తెస్తానన్నాను, సెలవు వాడు పెట్టుకోవాలి. ఆలోచించి చెబుతానన్నాడు. ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తాను.