రాళ్లు ఫ్రీ

అమ్మకానికి పెట్టిన సామాన్ల చిట్టాలో నేను అట్టడుగున ఉన్నాను. సముద్రపు చేపల కోసం నాలుగడుగుల గాజు తొట్టి, ఇనుప స్టాండు, కింద సంపు, మురుగు నురగ తీసే స్కిమ్మరు, నీళ్లు చల్లబరిచే చిల్లరు, రెండు వేవ్ మేకర్లు, ఎల్‌ఈడీ లైటు, హీటరు, మూడు చేపలు. ఒక్కోదాని పక్కన ఎప్పుడు కొన్నదీ, ఎంత పెట్టి కొన్నదీ పెద్దాయన పొందికగా రాశాడు. ఆ తర్వాత మార్జిన్లో, అప్పుడే గుర్తొచ్చి ఇరికించినట్టు ‘రాళ్లు ఫ్రీ’ అని ఉంది.

ఆ రాళ్లలో పెద్దదాన్ని నేను.

ఊరు హైదరాబాద్. రెండొందల యాభై కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్లు వీధి మలుపుల్లో కూడా తగిలే ఊళ్లో రాయికి ధర అడిగితే నవ్వుతారు, ఒప్పుకుంటాను. పైగా నాది ఆ గుండ్ల వంశం కూడా కాదు. మెట్టుగూడలో ఒక డాబా మీద, బట్టలు నానబెట్టే టబ్బులో పుట్టాను. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు కోళ్ల దాణాలో కలిపే చిప్పల నూక, గుప్పెళ్ల కొద్దీ కళ్లుప్పు. ముద్ద గట్టిపడ్డాక నీళ్లలో పడేస్తే ఉప్పు కరిగిపోయి ఒళ్లంతా చిల్లులు మిగులుతాయి. నాకున్న ఆస్తి ఆ చిల్లులే. అయితే పచ్చి సిమెంటు నీళ్ల పీహెచ్‌ను చేపలు తట్టుకోలేనంత పైకి లేపుతుంది. అది దిగేదాకా వారాల తరబడి డ్రమ్ములో నానబెట్టి, నీళ్లు పారబోసి, మళ్లీ నింపి, మళ్లీ పారబోశాడు పెద్దాయన. రైల్వేలో సిగ్నళ్ల విభాగంలో చేసి రిటైరైన మనిషి. లైన్ క్లియర్ రాకుండా బండి వదలడు.

సముద్రంలోంచి తీసిన పగడపు రాయి తెచ్చిస్తానని ఒక బ్రోకరు ఫోన్ చేయకపోలేదు. పెద్దాయన ఫోన్లోనే కోప్పడ్డాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో గట్టి పగడాలనూ, సముద్రపు గుర్రాలనూ చేర్చారు. పులి ఏ షెడ్యూలులో ఉందో పగడమూ అందులోనే ఉంది. ‘పులి చర్మం ఇంట్లో పెట్టుకుంటావా నువ్వు?’ అని అడిగాడు. అవతలివాడు పెట్టేశాడు. ఆ ఫోనుకి వేరే జవాబు దొరికి ఉంటే నేను పుట్టేదాన్నే కాదు.

మా రాళ్ల చరిత్రలో గౌరవంగా తలుచుకోవాల్సిన పేరొకటి ఉంది, లీ చిన్ ఎంగ్. ఇండోనేషియాలో జకార్తా ఆయనది. 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో ఆయన రాసిన వ్యాసం అప్పటి పద్ధతిని తలకిందులు చేసింది. ఆ రోజుల్లో పగడపు అస్థిపంజరాలను తెల్లగా కడిగి, తొట్టిలో బొమ్మల్లా పేర్చి, నీళ్లు శుభ్రం చేయడానికి ఫిల్టర్ల మీద ఆధారపడేవాళ్లు. ఆయన మాత్రం సముద్రంలోంచి రాళ్లను వాటి మీది జీవాలతో సహా తెచ్చి పెట్టి, కాస్త గాలి బుడగలు వదిలి ఊరుకున్నాడు. మిగతా పని రాళ్లే చేసుకున్నాయి. ఆయన ఉన్నది సముద్రం పక్కన, కాలం కూడా వేరు. సిమెంటుతో చేసిన మేము అదే పని నేర్చుకోవడానికి నెలలు పట్టింది.

ఆ పనేమిటో చెప్పకపోతే నా బాధ అర్థం కాదు. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే వస్తుంది. మూసి ఉన్న తొట్టిలో అది చేపకే విషం. నా పైపొరల్లో కాపురముండే బాక్టీరియాలో ఒక తెగ దాన్ని నైట్రైట్ చేస్తుంది, అదీ మంచిది కాదు. ఇంకో తెగ నైట్రేట్ చేస్తుంది, అది మితంగా ఉంటే చేపకు పర్వాలేదు. ఇంకా లోపల, ఆక్సిజన్ సరిగ్గా అందని ఇరుకు చిల్లుల్లో ఉండేవి ఆ నైట్రేట్‌ను కూడా విరిచి నత్రజని వాయువుగా గాల్లోకి పంపేస్తాయి. కొత్త తొట్టిలో మొదటి రెండు తెగలు కుదురుకోవడానికే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. లోపలి తెగ ఇంకా నిదానం. దుకాణంలో డబ్బు పోస్తే చిల్లరు వస్తుంది, లైటు వస్తుంది, ఈ నెలలు రావు. ‘రాళ్లు ఫ్రీ’ అంటే ఇవన్నీ ఫ్రీ అన్నమాట.

కొనడానికి వచ్చింది ఉప్పల్లో ఉండే ఒక సైన్సు టీచరమ్మ, వెంట తమ్ముడు. మంచినీళ్ల గోల్డ్‌ఫిష్‌లు తప్ప ఏమీ పెంచలేదట. తమ్ముడు రాగానే లైటు మీద పడ్డాడు. నీలం, తెలుపు, మెల్లగా తెల్లవారే ఎఫెక్టు అన్నీ నొక్కి చూసి వీడియో తీశాడు. అక్క మాత్రం గాజు మూలల దగ్గర వంగి సిలికాన్ అంచు వెంట గోరు నడిపింది. ఎక్కడైనా పొర లేస్తోందా, లోపల బుడగలున్నాయా అని. తర్వాత స్కిమ్మరు కప్పు తీసి వాసన చూసింది. అందులో చేరే నల్లటి మురుగు వాసన చూసి కూడా ముఖం చిట్లించని మనిషిని అప్పుడే చూడటం.

చిల్లరు దగ్గర మంచి ప్రశ్న వేసింది. జనవరి నెల, నీళ్లు 24 డిగ్రీల దగ్గరున్నాయి. ఆ చలిలో చిల్లరు పనేం ఉంటుంది? దాని అసలు పరీక్ష మే నెలలో, ఊరు నలభై దాటినప్పుడు. అందుకని సెట్టింగు 21కి దించమంది. కంప్రెసర్ లేచి గుర్రుమనేదాకా, తొట్టి డిగ్రీ దిగేదాకా కూర్చుని పెద్దమ్మ ఇచ్చిన టీ తాగింది. తమ్ముడు ఈలోపు బేరం మొదలెట్టాడు. అరవై వేలు చెప్పిన సెట్టు నలభై ఎనిమిదికి దిగింది. పెద్దాయన చిల్లరు పాతదైందని రెండు వేలు తగ్గించాడు, స్టాండు తుప్పు అని ఒక వెయ్యి. రాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఉచితమైన దానికి బేరమేముంటుంది.

చివర్లో ఆమె అడిగింది. ‘అంకుల్, ఈ తొట్టిలో ఎప్పుడైనా రాగి మందు వేశారా?’

పెద్దాయన కుర్చీలో సర్దుకున్నాడు. తెల్లమచ్చల జబ్బుకి రాగి మందు బాగా పనిచేస్తుంది. కానీ అదే రాగి రొయ్యలనూ, నత్తలనూ, పగడాలనూ చంపేస్తుంది. మాలాంటి సున్నపు రాళ్లు దాన్ని పీల్చుకుని తర్వాత ఎప్పుడో తీరిగ్గా వదులుతాయి. ఒకసారి రాగి తాగిన రాయిని నమ్మలేం. ‘జబ్బు వచ్చిందమ్మా, దాచను. కానీ చేపల్ని వేరే బకెట్లో పెట్టి మందు వేశాను. దీన్లో చుక్క పడలేదు’ అన్నాడు. అని, టీవీ కింది అరలోంచి ఒక లాంగ్ నోటుబుక్ తీసి ఇచ్చాడు. తేదీ, ఉష్ణోగ్రత, ఉప్పు శాతం, నైట్రేట్, నీళ్లు ఎంత మార్చిందీ, చేప ఏది తిన్నదీ అన్నీ ఉన్నాయి. మందు వేసిన బకెట్ సంగతి కూడా తేదీతో ఉంది. చిట్టాలో ఆ పుస్తకమూ లేదు. నన్నడిగితే నా తర్వాత విలువైనది అదే. గడువు దాటిన టెస్ట్ కిట్లకి మాత్రం చిట్టాలో అయిదు వందలు వేశాడు. మనుషుల లెక్కలు నాకు అంతుబట్టవు.

తీసుకెళ్లే రోజు ట్రాలీ ఆటో వచ్చింది. డ్రైవరన్న నన్ను ఎత్తుకుని బకెట్లో పెడుతూ, ‘గీ రాళ్లు గూడ మోస్కపోవాల్నా అక్కా? ఉప్పల్ల రాళ్లకేం తక్వ?’ అన్నాడు. ఆమె నవ్వి, తడిపిన న్యూస్‌పేపర్లు నా మీద కప్పింది. తడి ఆరితే నా కాపురస్తులు చస్తాయి. చచ్చినవి కుళ్లి మళ్లీ అమ్మోనియా. ఆ కాస్త కాగితం విలువ ఎంతో నాకు తెలుసు.

నీళ్ల దగ్గర అక్కాతమ్ముళ్లకి పేచీ వచ్చింది. ‘అంకుల్ ఇన్నేళ్లు సాకిన నీళ్లక్కా, ఒక్క చుక్క వదలొద్దు’ అంటాడు తమ్ముడు. తొట్టి పొడవు నాలుగడుగులు, వెడల్పూ ఎత్తూ అడుగున్నర చొప్పున, రెండొందల యాభై లీటర్ల పైచిలుకు పడుతుంది. మోయడమంటే మాటలు కాదు. పైగా చాలామందికి తెలియనిది ఇదే. బాక్టీరియాలో ఎక్కువ భాగం నీళ్లలో ఈదుతూ ఉండదు, రాళ్లకీ గాజుకీ అంటుకుని ఉంటుంది. చేపలు ఒత్తిడి లేకుండా ప్రయాణం చేయడానికీ, మేము తడిగా ఉండటానికీ సరిపడా తీసుకుని మిగతాది కాలవలో పోయించింది. నీళ్లు బాగా తగ్గాకే చేపల్ని పట్టారు. నిండు తొట్టిలో రాళ్ల మధ్య చేపని పట్టడం ఎవరి వల్లా కాదు.

ఇసుక మీద రెండో పేచీ. ఆ ఇసుక ఖరీదైనదే. కానీ ఏళ్లుగా కదపని అడుగు పొరల్లో పెంట పేరుకుని ఉంది. గాలి ఆడని చోట హైడ్రోజన్ సల్ఫైడు కూడా తయారవుతుంది. తమ్ముడు గరిటెతో ఒక మూల లేపాడు. కుళ్లిన గుడ్డు వాసన హాలంతా అలుముకుంది. వంటింట్లోంచి పెద్దమ్మ అరిచిన అరుపుతో ఇసుక సంగతి తేలిపోయింది.

ఉప్పల్లో రెండో అంతస్తు. నీళ్లూ, రాళ్లూ, స్టాండూ కలిపి మూడొందల కిలోలు దాటే బరువని ఆమె గది మధ్యలో కాకుండా గోడ వారగా, కింద దూలం ఉన్న చోట పెట్టించింది. గాజు కింద థర్మకోల్ షీటు పరిచింది. ఆ రాత్రి తొట్టిలో ఉత్త కుళాయి నీళ్లే నింపి, కిందంతా పాత పేపర్లు పరిచి, ఎక్కడైనా చెమర్చుతుందేమోనని తెల్లారేదాకా చూసింది. ప్రయాణంలో కుదుపుకి అతుకు విడితే ముందు తెలిసేది ఆ పేపర్లకే. మేమూ చేపలూ డ్రమ్ముల్లో, వేవ్ మేకరూ హీటరూ పెట్టుకుని గడిపాం. రెండో రోజు ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు కలిపారు. సముద్రం లెక్కన లీటరుకి 35 గ్రాముల చొప్పున తొమ్మిది కిలోల దాకా పట్టింది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.025 చూశాక మమ్మల్ని దింపారు.

అంత జాగ్రత్త పడ్డా మూడో రోజు అమ్మోనియా కాస్త కనిపించింది. ప్రయాణంలో నా కాపురస్తులు కొన్ని పోయాయి, కాదనను. ఆమె మేత తగ్గించింది, కొంచెం కొంచెం నీళ్లు మార్చింది, అంతే. ‘కొత్త చేప తెద్దామక్కా, నీలం టాంగ్’ అని తమ్ముడు పోరితే, నోటుబుక్ వాడి ముందు పెట్టి సున్నా వచ్చేదాకా ఆ మాటెత్తొద్దంది. తర్వాత వాడు ఇంకో ఘనకార్యం చేశాడు. తొట్టి మట్టం తగ్గిందని ఉప్పునీళ్లు పోశాడు. కొత్తవాళ్లందరూ చేసే పనే. ఆవిరయ్యేది నీళ్లు, ఉప్పు కాదు. తగ్గిన చోట పోయాల్సింది ఉత్త ఆర్‌ఓ నీళ్లు. ‘నౌపడలో ఉప్పెట్లా పండుతుందిరా?’ అని అడిగింది అక్క. వాడు తల గోక్కున్నాడు. ఇంట్లో టీచరు ఉండటంలో ఉన్న కష్టం అది.

చేపలు కుదురుకున్నాయి. నీలి డాంసెల్ వచ్చిన పూటే నా ఎడమ పక్క గుహ ఆక్రమించి, వేలు పెడితే కొరుకుతోంది. రెండు క్లౌన్ చేపల్లో పెద్దది ఆడది. వాటిలో అన్నీ మగవిగానే మొదలై, జంటలో పెద్దది ఆడదవుతుంది. ఇది విని తమ్ముడు వారం పాటు దాన్ని ‘అత్తా’ అని పిలిచాడు. ఈ జంట సముద్రంలో పట్టినవి కావు, హేచరీలో పుట్టినవి. క్లౌన్ చేపల చేత తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు కూడా సాధించారు. కాబట్టి ఈ మాత్రం ముచ్చటకి సముద్రం దాకా వల వేయక్కర్లేదు.

ఇక నా వీపు సంగతి. పెద్దాయనకి తెలియనిది, నోటుబుక్కులో లేనిది ఒకటి నా వెనక చిల్లులో ఉంది. మెట్టుగూడలో గోడవైపు పడి ఉండేదాన్ని, ఎవరూ చూడలేదు. ఉప్పల్లో ఆమె నన్ను తిప్పి పెట్టింది. ఒక రాత్రి లైట్లు ఆరాక టార్చి వేసి చూస్తే, సన్నటి గోధుమరంగు పోగులు విప్పుకుని అది ఊగుతోంది. వెంటనే ఫోటో తీసి పెద్దాయనకి ఫోన్ చేసింది.

‘అంకుల్, మీ రాయి మీద పువ్వు పూసింది!’

ఫోటో పెద్దది చేసి చూసుకునేదాకా అవతల మాట లేదు. ‘పువ్వు కాదమ్మా, అది ఐప్టేసియా, తొట్టిలో కలుపు లాంటిది. మహా మొండిది. గిల్లకు, పీకకు. చిన్న ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది, ఒకటి నాలుగవుతుంది.’

‘మరేం చేయాలి?’

‘రెండు దార్లు. దాన్ని తినే రొయ్య జాతి ఒకటుంది, రాగి పడని తొట్టి కనక నీకు బతుకుతుంది. లేదా కాస్త సున్నం నీళ్లలో చిక్కగా కలిపి, పంపులన్నీ ఆపి, సిరంజితో సరిగ్గా దాని నోట్లో వదులు. ఒక్క రోజులో ఎక్కువ చేయకు, పీహెచ్ లేస్తుంది.’

ఆమె స్పీకరు పెట్టే ఉంది. తమ్ముడు ఈలోపు దుకాణానికి మెసేజ్ పెట్టి రొయ్య ధర కనుక్కున్నాడు. జవాబు చదివి, చెప్పులు వేసుకుని సిరంజి కోసం మందుల షాపుకి పోయాడు.