చాపలకు మార్పు, కుర్చీలకు మినహాయింపు

కర్ణాటకలోని సిరవార, తుంగభద్ర ఎడమ కాలువకు చివరి ఆయకట్టు. ఇక్కడిదాకా నీళ్లు రావడం కష్టం గానీ, సలహాలు మాత్రం వారబందీ లేకుండా ఏడాది పొడుగునా పారుతూనే ఉంటాయి. ఈమధ్య జోరుగా పారుతున్న సలహా పేరు ‘సంఘంలో మార్పు’. కోస్తా నుంచి వచ్చినవాళ్ల క్యాంపుల్లోని తెలుగు క్రైస్తవ సంఘాలు పాత అలవాట్లు పట్టుకుని వేలాడుతున్నాయట. కుర్రకారు చేజారిపోతోందట. కాబట్టి విశ్వాసుల్ని మార్పుకు సిద్ధం చేయాలట. అందుకో సదస్సు, సదస్సుకో ఫ్లెక్సీ, ఫ్లెక్సీ నిండా చేతులు జోడించిన పెద్దలు. మారండి మారండి అంటున్న ఆ ఫ్లెక్సీలో ఏళ్ల తరబడి మారనివి ఆ మొహాలే.

పదింటికి అన్న సదస్సు పన్నెండుకు మొదలవుతుంది. వేదిక మీద సోఫాలు, కింద చాపలు. సోఫాలవారికి శాలువాలు కప్పడానికి ఓ గంట. ఆ తర్వాత ముఖ్యవక్తగారు లేచి, ఈ తరం ఇరవై నిమిషాలకు మించి వాక్యం వినదు, ప్రసంగాలు కుదించుకోవాలి అని రెండు గంటలపాటు ప్రసంగిస్తారు. దేవుని ఎదుట ఎక్కువ తక్కువలు లేవని సోఫాలోంచి మరొకరు సెలవిస్తారు. చాపల మీదివాళ్లు ఆమేన్ అంటారు. కుర్రాళ్లు బయట వేపచెట్టు కింద ఫోన్లు చూసుకుంటుంటారు. వాళ్ల కోసమే సదస్సు!

ఇక వదిలేయాల్సిన పాత అలవాట్ల జాబితా చదువుతారు. కీర్తనలు సాగదీసి పాడటం. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చోవడం. గంట కొట్టిన అరగంటకు రావడం. కానుకల సంచిలో చిల్లర వేయడం. పాటల పుస్తకం వదలకపోవడం, తెర మీద చూసి పాడకపోవడం. జాబితా మొత్తం వినండి. అందులో ఉన్న తప్పులన్నీ చాపల మీదివాళ్లవే. సోఫాలవాళ్లకు అలవాట్లే ఉండవు కాబోలు, ఉండేవన్నీ బాధ్యతలే.

అసలు విశ్వాసులు మారరన్న మాటే పచ్చి అబద్ధం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, జాన్ క్లౌ దొరగారి మిషన్‌లో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తరతరాల కొలుపుల్నీ జాతరల్నీ ఒక్క పూటలో ఏట్లో వదిలి గట్టెక్కినవాళ్ల మునిమనవలకు ఇవాళ పాట వరస మార్చుకోవడం ఎలాగో నేర్పడానికి సదస్సు! 1950ల్లో తుంగభద్ర డ్యామ్ కట్టాక కోస్తా జిల్లాలు వదిలి ఈ నల్లరేగడికి వచ్చి, తుమ్మచెట్లు కొట్టి, మడులు కట్టి, సంతలో బేరానికి సరిపడా కన్నడం నేర్చుకున్న క్యాంపులవాళ్లకు మార్పు గురించి పాఠం!

హార్మోనియం సంగతే చూడండి. ఇప్పుడది మన సంప్రదాయం, కీబోర్డు లోకపు ఆడంబరం అని ఒక పెద్దాయన వాదిస్తాడు. హార్మోనియం పుట్టింది 1840ల్లో పారిస్‌లో. పరాయి వాద్యమని, మన గమకాలు పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని గెంటేసి, మూడు దశాబ్దాలు గడప తొక్కనివ్వలేదు. అదే వాద్యాన్ని మన సంఘాలు డోలక్ పక్కన పెట్టుకుని, పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలకు జతచేసి, తాతలనాటిదన్నంతగా కలుపుకున్నాయి. ఏ సదస్సూ పెట్టలేదు. పాటకు పనికొచ్చింది, వాడుకున్నారు.

2020 మార్చిలో చర్చిలకు తాళాలు పడ్డాయి. అంతదాకా ఫోనులో పచ్చబటన్, ఎర్రబటన్ తప్ప తెలియని అవ్వ నాలుగు ఆదివారాలు తిరక్కుండా మనవడి చేత ఆరాధన లింకు పెట్టించుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, ఫోను ముందు మోకరించింది. కానుకల పెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అతికించినప్పుడు ఒక్క విశ్వాసి కూడా ఇది వాక్యానుసారమా అని అడగలేదు. కమిటీవారికైతే అసలే అనుమానం రాలేదు. డబ్బు వచ్చే దారిలో మార్పుకు ఏనాడూ అడ్డు లేదు.

కథోలికుల సంగతీ అంతే. 1960ల దాకా పూజ లాటిన్‌లో సాగేది. గురువు పీఠం వైపు తిరిగి, జనానికి వీపు చూపించి పూజ చేసేవాడు. 1962 నుంచి 1965 దాకా రోములో జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగైంది, గురువు జనం వైపు తిరిగాడు. గమనించండి, తిరిగింది గురువు. జనం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు, వాళ్లకు పూజ కొత్తగా అర్థమైంది. మార్పు సదస్సులవారు ఈ ఒక్క ముక్క దగ్గర కాసేపు ఆగితే ఫ్లెక్సీ ఖర్చు మిగిలేది.

మరి మారనిదేమిటి? చర్చిలో తలెత్తి చూడండి, ఫ్యాను. మూడు రెక్కలు. ఒకదాని మీద తాతగారి పేరు, రెండోదాని మీద ‘జ్ఞాపకార్థం’, మూడోదాని మీద ఇచ్చినవారి పేరు, క్యాంపు. జోరుగా తిరిగితే పేరు కనబడదు, ఆపితే ఉక్కపోత. అందుకని దాతలు ఆరాధనకు వచ్చిన ఆదివారం అది ఒకటో నంబరు మీద తిరుగుతుంది. కండెన్సర్ పోయి మూలుగుతున్నా దించడానికి వీల్లేదు. దించితే ఆ కుటుంబం పక్క సంఘానికి వెళ్లిపోతుంది, ఫ్యానుతో సహా. ఆ ఫ్యాను కింద కూర్చుని చెమట తుడుచుకుంటూ, పాతవాటిని పట్టుకు వేలాడకండి అంటారు కోశాధికారిగారు. ఆయన తండ్రిగారూ కోశాధికారే.

కోత పండుగ నాడు వేలం చూడాలి. గుమ్మడికాయ, నిమ్మకాయలు, నాటుకోడి. కోడిని పాడినవాడు తిరిగి దేవునికే ఇచ్చేస్తాడు, అది మళ్లీ వేలానికి వస్తుంది. ఒకే కోడి మూడుసార్లు అమ్ముడుపోయి మూడుసార్లు కూస్తుంది. దాని ధర సంఘంలో పసిపిల్లలకు కూడా నోటికొచ్చు. ఆ డబ్బు ఏమైందన్నది మాత్రం దేవునికీ కోశాధికారికీ మధ్య రహస్యం. లెక్క అడిగితే, ‘అలా అడిగే ఆచారం మన సంఘంలో లేదయ్యా’ అంటారు. చూశారా, ఇక్కడ ఆచారం గొప్పదైపోయింది!

కులం సంగతి తీస్తే సదస్సులో మైకు గొంతు పోతుంది. ఈ సంఘంలో మాదిగలు ఎక్కువ, ఆ సంఘంలో మాలలు ఎక్కువ, ఫలానా కథోలిక విచారణలో రెడ్లు అనే లెక్క తెలియని తెలుగు క్రైస్తవుడు లేడు. పెళ్లి సంబంధం దగ్గర ప్రభువు పేరు మొదట, కులం పేరు చివర వస్తాయి. బేరం చివరిదాన్ని బట్టే తెగుతుంది. ఇంత పాత అలవాటు మరొకటి లేదు. వదిలేయాల్సినవాటి జాబితాలో అది కనబడదు, కానుకల సంచిలో చిల్లర కనబడుతుంది.

తుంగభద్రకు అవతల కర్నూలు సీమ నుంచి రెండు మార్పులు నిజంగానే వచ్చాయి. 1947లో పుట్టిన దక్షిణ ఇండియా సంఘం 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలితగారిని నంద్యాలకు బిషప్పుగా అభిషేకించింది. ఒక స్త్రీని ఆ పీఠం మీద కూర్చోబెట్టడానికి 66 ఏళ్లు పట్టింది. 2022 ఆగస్టులో, ఒకప్పటి కర్నూలు బిషప్పు పూల ఆంథోనిగారు కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి వచ్చిన తొలి కార్డినల్ ఆయనే. ఈ రెండూ పైకుర్చీల్లో జరిగిన మార్పులు. కింద ఏ విశ్వాసీ లేచి బయటికి పోలేదు, ఏ చర్చి పైకప్పూ కూలలేదు. అయినా శనివారం చర్చి ఊడ్చి కడిగేది స్త్రీల సమాజం, ఆదివారం తీర్మానాలు చేసేది పురుషుల కమిటీ అన్న పద్ధతి క్యాంపుల్లో చెక్కుచెదరలేదు.

పెద్దలు అసలు మారరని మాత్రం అనకండి. 2022లోనే అదే దక్షిణ ఇండియా సంఘం సినడ్, బిషప్పుల పదవీ విరమణ వయసు 67 నుంచి 70కి పెంచుతూ సవరణకు చేతులెత్తింది. వ్యవహారం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. మార్పును మనసారా హత్తుకోవడమంటే అదీ!

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. డెబ్బై ఏళ్ల గేటు. నీళ్లు వృథాగా పోతుంటే ఇంజనీర్లు ఒడ్డున నిలబడి, నీరు పాత అలవాట్లు మానుకోవాలని సదస్సు పెట్టలేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారిని పిలిపించి, వారం తిరిగేలోపు స్టాప్‌లాగులు దించి ప్రవాహం ఆపారు. సంఘంలోంచి కుర్రకారు అలాగే పోతోంది. మనవాళ్లు మాత్రం గేటును వదిలేసి నీళ్లకు క్లాసు పీకుతున్నారు.

విశ్వాసుల వైపు మారాల్సింది లేకపోలేదు. క్యాంపు పిల్లలు చదివేది కన్నడం. తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. అవ్వ కంఠతా పాడే కీర్తనను మనవడు పుస్తకంలో చూసి పాడలేడు. అదే కీర్తనను కన్నడ లిపిలో అచ్చేసి చేతిలో పెడితే రెండు తరాలూ ఒకే పాట పాడతాయి. కావాల్సింది రెండు రీముల కాగితం, ఒక కమిటీ తీర్మానం. కాగితం సిరవారలో దొరుకుతుంది. తీర్మానమే ‘వచ్చే మీటింగులో చూద్దాం’.

కాబట్టి మార్పు వక్తలకు మనవి. ఈసారి వచ్చేటప్పుడు ఫ్లెక్సీ వద్దు, శాలువాలు వద్దు. కోత పండుగ లెక్క చర్చి గోడకు అంటించమనండి. కమిటీకి రెండు పదవీకాలాలు చాలనండి, సగం కుర్చీలు చర్చి ఊడ్చే చేతులకు ఇవ్వమనండి. సంఘ పెద్దల్ని తమ ఇంటి పెళ్లి ప్రకటనలో కులం గడి ఖాళీగా వదిలి చూపించమనండి. ఇవన్నీ అయ్యాక మేం కూడా గంట కొట్టకముందే వచ్చి కూర్చుంటాం, కీర్తన ఎంత వేగంగా కావాలంటే అంత వేగంగా పాడతాం.