కుక్కకు ఏడుపు, మనిషికి మొరుగుడు

మా దోమకొండలో కుక్కలూ మనుషులూ మాటలు మార్చుకొని చాలా కాలమైంది. కుక్క మెడ ఎత్తి ఊళ పెడితే "కుక్క ఏడుస్తంది" అంటాం. మనిషి గొంతు పెంచితే "ఏందిరా, గట్ల మొరుగుతున్నవ్" అంటాం. ఈ బేరంలో లాభపడింది కుక్కేనని నా అనుమానం.

ఏడుపంటే మాకు మహా భయం. రాత్రిపూట గడికోట దిక్కున ఒక్క కుక్క అందుకుంటే చాలు. 2022లో యునెస్కో అవార్డు కొట్టిన రాతిగోడలాయె, ఏడుపును కూడా వృథా పోనియ్యవు. వాడకట్టంతా లేచి, ఎవరికి మూడిందోనని మంచాన పడ్డ ముసలోళ్లను లెక్కపెట్టుకుంటది. ఆ లెక్కలో ముందుండే తాత మాత్రం "నాకు గాదు, దానికే ఏదో నొస్తున్నది" అని చేతికర్ర విసురుతడు. నిజానికి అది తోడేలు వంశం, దూరంగా ఉన్న తన వాళ్లను పిలుచుకుంటుందంతే. అమెరికాలో ఉన్న కొడుకుకు ఫోన్లో మనం అరిచినట్టే.

మొరుగుడులో రకాలు తెలియాలంటే మా పెద్దమ్మను అడగాలి. అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంటది, తల ఎత్తదు. "కోతులొచ్చినయ్, తలుపేయిండ్రి" అంటది. ఇంకోసారి "ఎవరో కొత్తోళ్లు" అంటది. రెండూ నిజమే అవుతాయి. హంగరీ పరిశోధకులు "ముడి" అనే జాతి కుక్కల మొరుగుళ్లు రికార్డు చేసి జనానికి వినిపిస్తే, ఏది ఏ సందర్భంలోదో వాళ్లు బాగానే పోల్చుకున్నారట. 2005లో దాన్ని అచ్చేశారు. ఈ సంగతి చెప్తే పెద్దమ్మ "దానిక్కూడ జీతమిస్తరా?" అని దారం తెంపింది.

గుర్రు దగ్గర మాత్రం జాగ్రత్త. మామ "గుర్రుగున్నడు" అంటే కోపం, "గుర్రు పెడుతున్నడు" అంటే నిద్ర. అప్పు అడగబోయేవాడు ఈ తేడా తెలుసుకోకుండా గడప దాటొద్దు. దెబ్బ తిన్న కుక్క కుయ్ కుయ్‌మని ఊరుకుంటది. పంట పోయినోడు కుయ్యో మొర్రోమని ఆఫీసు ఆఫీసూ తిరగాలి.

ఇక "ఉస్కో". కుక్కను ఎదుటివాడి మీదికి తోలే మంత్రమిది. పేపర్లలో ఇదే "ఉసిగొల్పడం" అయి కూర్చుంటది. ఎదుటి పార్టీ జనాన్ని ఉసిగొల్పుతోందని ప్రతి పార్టీ అంటది. మరి అప్పుడు జనం ఎవరైనట్టు? ఆ లెక్క తేల్చకపోవడమే మర్యాద.

ఎన్నికలప్పుడు ప్రచార ఆటో మా వాడకట్టుకొచ్చింది. అందులో నాయకుడు మైకు అందుకోగానే నాలుగు కుక్కలు మెడలెత్తి శ్రుతి కలిపాయి. "అగ్గో, కుక్కలు ఏడుస్తున్నయ్" అని ఎవరో నాలుక్కరుచుకున్నారు. పెద్దమ్మ బీడీ కొస మడుస్తూ అంది: "ఏడ్వనియ్యిండ్రి. ఆయన మొరిగేది ఆపంగనే అయ్యే ఊకుంటయ్."