బానెట్ లేస్తే చాలు

భీమవరంలో కారు మొరాయిస్తే మెకానిక్ కోసం వెతుక్కోవాలి గానీ, సలహా చెప్పే పెద్దాయన కోసం వెతకక్కర్లేదు. ప్రకాశం చౌక్ దగ్గరైనా, జువ్వలపాలెం రోడ్డులోనైనా, ఉండి వైపు రొయ్యల చెరువు గట్టు మీదైనా సరే, మీరు బానెట్ లేపి ఆవిరికి మొహం తిప్పుకునేలోగా ఆయన పక్కనే ఉంటారు. మడత నలగని తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, వెనక్కి కట్టుకున్న చేతులు. ముందు ఇంజన్ వంక చూడరు. “తమరిది ఏ ఊరండీ?” అంటారు. ఊరు తేలి, ఆ ఊళ్ళో ఆయన వియ్యాలవారి ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా తేలాకే వైద్యం మొదలవుతుంది.

“హీటెక్కిందండి.”

కుతకుతలాడుతున్న బండిని చూసి ఈ ముక్క చెప్పడానికి ఎంత నిబ్బరం కావాలి!

ఆయన విద్యంతా అంబాసిడర్ మీద అబ్బింది. ఆ రోజులకి ఆ విద్య చాలు. ఫ్యాన్ బెల్టు బిగించడం, రేడియేటర్లో బిందెడు నీళ్ళు పోయడం, ఎండాకాలం రాగానే థర్మోస్టాట్ పీకి అవతల పారేయడం. ఇప్పటి చిన్నకార్లలో రేడియేటర్ ఫ్యానుని తిప్పేది కరెంటు మోటారు. వేడి పెరిగిందని సెన్సార్ కబురు పెడితేనో, ఏసీ వేస్తేనో అది తిరుగుతుంది. థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ తనకి కావలసిన వేడికి చేరుకోక, ఇంకా చల్లగానే ఉన్నాననుకుని పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇవన్నీ ఆయనకి చెప్పి లాభం లేదు.

“ముందు ఫ్యాన్ బెల్టు చూడండి.”

“దీనికి ఫ్యాన్ బెల్టు ఉండదండి.”

“అదీ సంగతి! లేకపోతే హీటెక్కదూ మరి?”

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత వైపు కదిలారా, అప్పుడు మాత్రం మర్యాద పక్కన పెట్టి చెయ్యి పట్టుకోండి. ఆ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచబట్టే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరక్కుండా ఉంటుంది. మూత తిప్పారంటే ఒత్తిడి పోయి అంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ఈలోగా ఆయన ఎవర్నో బోరు నీళ్ళకి పరిగెత్తిస్తారు. ఈ చుట్టుపక్కల బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. ఆయనింట్లో తాగడానికి మంచినీళ్ళ టిన్ను వస్తుంది, కారుకి మాత్రం బోరు నీళ్ళు. ఉప్పు గార కట్టి రేడియేటర్ సన్నగొట్టాలు పూడుకుపోతాయని మెకానిక్కులు నెత్తీ నోరూ కొట్టుకుంటారు. “నీళ్ళు నీళ్ళే కదండీ” అంటారీయన.

ఆయనకి అసలు సీజను సంక్రాంతి. హైదరాబాదు బండ్లు కోడిపందేల బరి దారిలో, ఏసీ వేసుకుని, ఫస్టు గేరులో పాకుతుంటాయి. హైవే మీద బుద్ధిగా వచ్చిన కారు అక్కడ పొగలు కక్కుతుంది. ఆయన పందెం సగంలో వదిలేసి వస్తారు. పుంజుల మీద పోయిన పరువు బానెట్ దగ్గర రాబట్టుకోవాలి మరి. వాటర్ పంపు అంటారు. పైపు అంటారు. చావుకబురు చెప్పే గొంతుతో “హెడ్ గ్యాస్కెట్ అనుకుంటానండి, ఇంజన్ దింపాల్సిందే” అంటారు. ఇంజనాయిలు పాలు కలిసినట్టు తెల్లబడిందా, సైలెన్సర్లోంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందా అని చూడకుండా ఆ మాట అనకూడదు. ఆయన చూడరు. మధ్యలో, “రాత్రిపూట చెరువులో గాలి కొట్టే ఏరేటర్ ఆగిపోతే రొయ్య పైకి తేలిపోద్ది చూశారా, ఇదీ అంతేనండి” అని కూడా ఒక మాట పారేస్తారు. అది ఎవరూ పట్టించుకోరు.

అన్నట్టు, ఇంతలో మీ ఆడవాళ్ళనీ పిల్లల్నీ వాళ్ళింటికి పంపేసి ఉంటారు. అక్కడ వాళ్ళకి పులసల సీజను కాదని క్షమాపణ చెప్పి మరీ, రొయ్యల వేపుడు వడ్డిస్తుంటారు. మీకు కొబ్బరి బోండాం వస్తుంది. ఈ విషయంలో ఆయన రోగనిర్ణయం ఇంతవరకూ తప్పలేదు.

చివరికి మెకానిక్ కుర్రాడు మోటార్ సైకిల్ మీద వస్తాడు. ఒక్కటే అడుగుతాడు.

“పరిగెడుతుంటే హీటెక్కిందాండి, ఆగి ఉంటేనా?”

“లైన్లో ఆగినప్పుడు.”

పరిగెడుతున్నప్పుడైతే కూలెంట్ తగ్గిందనో, రేడియేటర్ పూడిందనో, పంపు నీళ్ళు తోయడం లేదనో వెతకాలి. ఆగినప్పుడే అంటే ఎదురుగాలి లేదు, ఫ్యానే దిక్కు. చల్లారిన ఇంజన్లో కూలెంట్ మట్టం చూసి, స్టార్ట్ చేసి ఏసీ వేయిస్తాడు. ఫ్యాన్ తిరగదు. ఇంజన్ ఆపి ఫ్యూజు చూస్తాడు, బాగానే ఉంది. ఫ్యాన్ రిలే ఊడబీకి అదే రకం రిలే ఇంకోటి గుచ్చుతాడు. మళ్ళీ స్టార్ట్ చేస్తే ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది.

జనం తలకాయలన్నీ కుర్రాడి వైపు తిరిగేలోగా ఆయన ఓ అడుగు ముందుకేస్తారు.

“నేను ముందే అన్నానా లేదా, ఏరేటర్ అని?”

“ఆయ్” అంటాడు కుర్రాడు, పానాలు సంచిలో వేసుకుంటూ. వాడి బండి ఆగిపోయినా వచ్చి నిలబడేది ఆయనే.