ఐదేళ్ళ పిల్లకి హోంవర్కా?

గాజువాక నుంచి కూర్మన్నపాలెం వెళ్ళే రోడ్డు మీద పొద్దున్న ఏడున్నరకి నిలబడి చూడండి. ఆటోల్లో, పసుపు వ్యాన్లలో కళ్ళు ఇంకా పూర్తిగా తెరుచుకోని పిల్లలు కనిపిస్తారు. మెడలో టై, వీపున నడుం దాటి వేలాడే బ్యాగు. అందులో నాలుగు గీతల పుస్తకం, గళ్ళ పుస్తకం, ఇంగ్లీషు వర్క్‌బుక్కు, డైరీ. వీళ్ళు చదివేది యూకేజీ. మా మనవరాలూ అదే. సాయంత్రం ఇంటికొచ్చాక రెండు పేజీల కర్సివ్ రాయాలి. రాస్తూ రాస్తూ పుస్తకం మీదే తల వాల్చేస్తుంది. లేపి మరీ రాయిస్తుంది వాళ్ళమ్మ, రేపు డైరీలో ఎర్ర సిరా పడకూడదని. అది చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

1966లో నాకు ఐదేళ్ళు. ఇల్లు కంచరపాలెంలో. ఆ ఏడాది ఊరు ఊరంతా ఉక్కు ఉద్యమంలో ఉంది. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్న మాట ఓనమాలు రాకముందే మా పిల్లలందరి నోటికీ వచ్చేసింది. విజయదశమినాడు పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించారు. ఆ తర్వాత చేతికొచ్చింది మార్కాపురం పలక, ఓ బలపం ముక్క. అంతే, మా చదువు సామానంతా అదే. పలకలో ఓ గొప్ప గుణం ఉంది. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచేస్తే పోయేది, మళ్ళీ రాసుకునేవాళ్ళం. ఇప్పటి పిల్ల చేసిన తప్పు ఎర్ర గీతతో సహా ఏడాది పొడుగునా పుస్తకంలో అలాగే ఉంటుంది. పేరెంట్స్ మీటింగులో అందరి ముందూ తెరుచుకుంటుంది.

బడిలో ఉండేది కాసేపే. అసలు చదువు బడి బయట జరిగేది. రేవుకి ఖనిజం మోసుకెళ్ళే గూడ్సు బండి వస్తే పట్టాలకి దూరంగా నిలబడి పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళం. ఒకడు ఒక లెక్క, ఇంకొకడు ఇంకో లెక్క చెప్పి గొడవపడేవాళ్ళం. అంకెలు అలా వచ్చాయి మాకు. జాలారిపేట ఒడ్డున వల దిగితే నెత్తళ్ళు ఒక బుట్టలోకి, కానాగంతలు ఒక బుట్టలోకి, వంజరం వేరే బుట్టలోకి ఏరడం అక్కడి పిల్లలకి నాలుగో ఏటికే తెలుసు. పోలిక పట్టడం, వేరు చేయడం, చిన్నదీ పెద్దదీ చూడడం, ఇవే కదా ఇవాళ వర్క్‌షీటు మీద రంగుల బొమ్మలు వేసి నేర్పిస్తున్నది? చింతపిక్కలతో వామనగుంటలు ఆడితే కూడికా తీసివేతా రెండూ వేళ్ళకే వచ్చేవి. మామ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసేవాళ్ళం. ఆవిడ ఆ పని చేయిస్తూనే కథ చెప్పేది. కథ మధ్యలో ఆపి "తర్వాతేమయిందో నువ్వు చెప్పు" అనేది.

ఇదంతా పాతకాలం మీద మోజుతో చెప్పడం లేదు. ఐదేళ్ళ పిల్ల మణికట్టులో ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. మట్టి పిసికి, ఇసుక తవ్వి, గింజలు ఒలిచి, పూలు గుచ్చి వేళ్ళు బలం పుంజుకున్నాకే పెన్సిల్ పట్టు కుదురుతుంది. నారు ముదరకుండా ఊడ్చేస్తే చేను ఏమవుతుందో రైతునడగండి.

బొమ్మల సంగతీ చెప్పాలి. మనకి కూతవేటు దూరంలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని మెత్తగా తరిణ పట్టి, లక్క పూసి, చెట్ల రంగులద్ది బొమ్మలు చేస్తారు. పిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులవి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా చిన్నప్పుడు ఆ లక్కపిడతలతోనే వంటలూ వడ్డనలూ ఆడేవాళ్ళం. ఎవరికెంత పెట్టాలి, ఎవరు అలిగారు, ఎలా బుజ్జగించాలి, అన్నీ ఆ ఆటలోనే తెలిసేవి. ఇప్పుడు అదే పిల్ల చేతిలో సెల్‌ఫోను ఉంది. అది అలగదు, బుజ్జగించమని అడగదు.

భాష సంగతి మరీ బాధ. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసే నాటికి ఉక్కునగరం సెక్టార్లలో ఒరియా, మలయాళీ, బెంగాలీ, హిందీ కుటుంబాలు మాతో పాటు ఉండేవి. సాయంత్రం ఆటలో కలిసిన వాళ్ళ పిల్లలు చూస్తుండగానే తెలుగు అందుకునేవారు, మన పిల్లలు హిందీ అందుకునేవారు. ఎవరూ పాఠం చెప్పలేదు. ఇప్పుడు తెలుగింటి పిల్ల తరగతిలో తెలుగు మాట్లాడితే కేకలేస్తున్నారు. సవర పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని, ఆ భాష తాను నేర్చుకుని, వాచకాలు రాసిన గిడుగు రామమూర్తిగారు తిరిగిన ఉత్తరాంధ్ర ఇది. ఇక్కడే ఐదేళ్ళ నోటికి తాళం వేస్తున్నాం.

ఆటతోనే చదువన్నది నా ఒక్కరి మాట కాదు. విద్యావేత్త ఫ్రోబెల్ 1837లో జర్మనీలో పిల్లల కోసం తన బడి మొదలుపెట్టినప్పుడు చెక్క దిమ్మలు, బంతులు, పాటలు, తోటపని పెట్టాడు. మరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, పిల్ల తన చేతులతో తానే పని చేసి నేర్చుకునే పద్ధతిని మన టీచర్లకి నేర్పింది. ఇవాళ ఏ సందులో చూసినా మాంటిసోరి బోర్డే, లోపల మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్న పిల్లలు. ఫిన్లాండులో ఒకటో తరగతి ఏడో ఏట గానీ మొదలవదు. మన ప్రభుత్వమే 2020 విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటపాటలతోనే చదువు అంది. 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఈ వయసుకి పరీక్షలు ఎంతమాత్రం తగవని రాసింది. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం సేవల్లోనూ ఆటపాటల చదువు ఒకటి. మనమే అంగన్‌వాడీని గుడ్డూ పాలూ ఇచ్చే చోటుగా లెక్కకట్టి, పక్క వీధిలో డబ్బు పోసి హోంవర్కు కొంటున్నాం.

మా రోజుల్లో అంతా బంగారమేం కాదు. కోదండాలు వేయించేవారు, బెత్తం విరిగేలా కొట్టేవారు. ఆడపిల్లని బడి మాన్పించి చంటివాణ్ణి ఎత్తుకోమనేవారు. చాలా ఇళ్ళ పిల్లలకి బడి గుమ్మమే తెలీదు. 2009 విద్యాహక్కు చట్టం కొట్టడాన్ని నిషేధించింది. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా బడికి వెళ్తున్నారు. ఆ మేలుకి చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ బెత్తం పోయిన చోట నాలుగు గీతల పుస్తకం వచ్చి కూర్చుంది, దానిమీదే నా కోపం.

తప్పు టీచరమ్మలది అనను. చాలీచాలని జీతానికి గదినిండా పిల్లల్ని సముదాయిస్తున్నారు పాపం. నిండిన పేజీ చూపిస్తే తప్ప ఫీజు కట్టినవాళ్ళు ఊరుకోరు, యాజమాన్యం ఊరుకోదు. పిల్ల ఇవాళ ఎవరితో స్నేహం చేసిందో, ఏ కథకి నవ్విందో అడిగే తల్లిదండ్రులుంటే ఆ పేజీలు వాటంతటవే తగ్గుతాయి.

అందుకని అమ్మల్లారా, నాన్నల్లారా, వచ్చే జూన్‌లో పిల్లని చేర్చడానికి వెళ్ళినప్పుడు మూడు మాటలు అడగండి. ఇసుకా మట్టీ ఉన్న ఆటస్థలం ఎక్కడుంది? రోజూ కథ ఎవరు చెబుతారు? హోంవర్కు ఉందా? మూడో దానికి ఉందని జవాబొస్తే, అప్లికేషన్ ఫారం ఆ బల్లమీదే పెట్టేసి పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేయండి.