పబ్బులో పదకొండు మంది

కమ్మింగ్ పబ్బు అనేది అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఫోర్సైత్ కౌంటీలో, అట్లాంటాకు ఉత్తరాన, జీఏ 400 రహదారికి అటూ ఇటూ వెలసిన షాపింగ్ ప్లాజాల్లో కనిపించే భోజనశాల. ఒక పక్క పళ్ళ డాక్టరు, ఇంకో పక్క లెక్కల ట్యూషన్, మధ్యలో ఇది. సగం బారు, సగం హోటలు. గోడల నిండా టీవీలు, కౌంటరు వెనక బీరు పంపులు, పిల్లలకు క్రేయాన్లు. "బారు కాదత్తయ్యా, ఫ్యామిలీ ప్లేసే" అని ఇండియాకు ఫోను చేసి చెప్పుకోవడానికి ఆ క్రేయాన్లు పనికొస్తాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం కమ్మింగ్ నగరంలో ఉన్నది 7,318 మంది. కౌంటీ మొత్తం మీద 2,51,283 మంది. కమ్మింగ్‌లో ఉంటున్నామని చెప్పే తెలుగువారిలో చాలామంది నగర పరిధిలో ఉండరు, తపాలా చిరునామాలో ఉంటారు. పబ్బుకు మాత్రం అందరూ ఒకే సాయంత్రం వస్తారు.

తెలుగు బృందం ఎనిమిది మందికని పేరు రాయించి పదకొండు మందిగా దిగుతుంది. అందులోనూ ముగ్గురు ఇంకా దారిలో ఉంటారు. "400 ఎక్కేశాం అన్నా" అని వాళ్ళు ఫోనులో అంటే, ఇంట్లో ఇస్త్రీ జరుగుతోందని లెక్క. అందరూ వస్తేగానీ టేబుల్ ఇవ్వమని గుమ్మం దగ్గరి అమ్మాయి చెబుతుంది. ఈ నియమం తమ ఒక్కరి కోసమే పెట్టారని బృందం నమ్ముతుంది.

లోపలికి వెళ్ళాక మొదటి ఘట్టం వయసు పరీక్ష. మద్యానికి కనీస వయసు 21 అని దేశమంతటా స్థిరపడింది 1984 నాటి ఫెడరల్ చట్టం వల్ల. విజిటర్ వీసా మీద వచ్చిన మామగారిని, తల పూర్తిగా నెరిసిన మనిషిని, గుర్తింపు కార్డు అడిగితే ఆయన లోలోపల పొంగిపోతారు. పాస్‌పోర్టు ఇంట్లో సూట్‌కేసులో భద్రంగా ఉంటుంది కాబట్టి ఆయనకు స్వీట్ టీ దక్కుతుంది. అది దక్షిణాది రాష్ట్రాల జాతీయ పానీయం లాంటిది. టీలో ఐసు ఎందుకు వేశారన్న ఆయన ప్రశ్నకు అల్లుడి దగ్గర జవాబు ఉండదు.

వారాన్ని ఎంచుకోవడంలో గట్టి చిక్కుంది. జార్జియాలో శరదృతువు శనివారమంటే కాలేజీ ఫుట్‌బాల్. 2021, 2022 సీజన్లలో వరసగా జాతీయ చాంపియన్లయిన జార్జియా బుల్‌డాగ్స్ ఆడే పూట పబ్బంతా ఎర్ర చొక్కాలే. తెలుగు బృందానికి ఖాళీ దొరికేదీ శనివారమే. అది వేంకటేశ్వరస్వామి వారం, సగం మంది నీచు ముట్టరు. పైగా సీజను సగం దాటాక కార్తీకమాసం పడుతుంది. అందుచేత మాంసం కోసమే పుట్టిన వంటగదికి, అది ఊపిరాడక ఉన్న పూటే, తెలుగు టేబుల్ నుంచి ఏడు ప్లేట్ల ఆలుగడ్డ ఫ్రైస్ ఆర్డరు వెళుతుంది.

ఆ తర్వాత శాకాహార విచారణ. వెయిట్రెస్‌ను నిలబెట్టి అడిగే ప్రశ్నల్లో న్యాయం లేకపోలేదు. ఫ్రైస్ వేయించే నూనెలోనే చాలాచోట్ల కోడి ముక్కలూ వేగుతాయి. రాంచ్ సాస్‌లో మయోనైజ్ ఉంటుంది, దానిలో గుడ్డు. వూస్టర్‌షైర్ సాస్‌లో చిన్న చేపలు. దక్షిణాది పద్ధతిలో ఉడికించిన పచ్చి చిక్కుళ్ళలో పంది మాంసం ముక్క వేయడం ఆనవాయితీ, అది వాళ్ళ పోపు. ఇన్ని తెలుసుకున్న వ్రతనిష్ఠాపరులు చివరికి చీజ్ పిజ్జాకు స్థిరపడి, ఆ చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ పడిందేమో అడగడం మరిచిపోతారు. అన్నీ అడిగితే ఆకలి తీరదు.

మాంసాహారుల బాధ కారం. పబ్బు వంటల రాజు బఫలో వింగ్స్ అనే కోడి రెక్కల వేపుడు, 1964లో న్యూయార్క్ రాష్ట్రం బఫలో నగరంలో యాంకర్ బార్‌లో పుట్టిందని ప్రసిద్ధి. దాని సాస్ ప్రధానంగా వెన్న, మిరప సాస్. మెనూలో దాని పక్కన గీసిన మూడు మంటల బొమ్మలు చూసి తెలుగువాడు భయపడడు. ఇక్కడ ఘాటుగా పేరుపడ్డ హలపీన్యో మిరప స్కోవిల్ కొలతలో 8,000 దాటడం అరుదు. గుంటూరు సన్నం 35,000 పైమాటే. "స్పైసీగా, ఇండియన్ స్పైసీగా" అని మూడుసార్లు చెప్పినా వంటవాడు దావాకు జడిసి వెన్న తగ్గించడు. అప్పుడు వదినగారి హ్యాండ్‌బ్యాగులోంచి ఆవకాయ డబ్బా దిగుతుంది. అంతవరకూ ఎక్కడో ఉన్న వెయిట్రెస్ ఆ వాసనకు టేబుల్ దగ్గరికి వచ్చి ఏమిటని అడుగుతుంది. ఆమెకు రుచి చూపించడమే ఆ సాయంత్రం ఇరు పక్షాల మధ్య జరిగే ఏకైక సాంస్కృతిక వినిమయం.

ఇంకో సంగతి వింగ్స్ తినే తీరు. ఇంట్లో చేత్తో కలుపుకుని తినే మనిషి పబ్బులో కోడి రెక్కకు ఫోర్కు గుచ్చి, కత్తితో కోయబోయి, పక్కవాడి ఒళ్ళోకి జారవిడుస్తాడు. నాగరికత కోసం పడే ఈ పాట్లకు స్థానిక ధర్మశాస్త్రం ఒప్పుకోదు. పక్క కౌంటీలో, కోళ్ళ పరిశ్రమకు ప్రపంచ రాజధానినని చెప్పుకునే గెయిన్స్‌విల్‌లో వేయించిన కోడిని ఫోర్కుతో తినడం 1961 నుంచి నేరం. ప్రచారం కోసం సరదాకు చేసిన చట్టమే అయినా పుస్తకాల్లో ఉంది. చేత్తో తినే విద్యలో పుట్టి పెరిగిన జాతి ఆ విద్యకు గౌరవం దొరికే చోటికి వచ్చి కత్తి పట్టుకుంది.

మెనూలో తెలుగువారు చూడని మూల ఒకటుంది. దక్షిణాది వంటలు వడ్డించే చోట మొక్కజొన్న పిండి అద్ది వేయించిన బెండకాయ దొరుకుతుంది. మొక్కజొన్న నూకతో వండిన గ్రిట్స్ మీద రొయ్యలు వేసి ఇస్తారు. ఉప్పునీళ్ళలో ఉడికించిన వేరుశనక్కాయలు దారి పక్కన కూడా అమ్ముతారు. అమెరికాలో పండే వేరుశనగలో సుమారు సగం జార్జియాదే. అనంతపురం నుంచి వచ్చిన మనిషి వీటిని దాటేసి పనీర్ ఉందా అని అడుగుతాడు.

భోజనం మధ్యలో క్రికెట్ పెట్టమని కోరడం రివాజు. ఇరవై టీవీల్లో ఒక్కదాన్లోనూ ఆ చానల్ ఉండదు. ఫోనును కెచప్ సీసాకు ఆనించి పదకొండు మందీ ఆ జానెడు తెర మీదికి వంగుతారు. ఎర్ర చొక్కాలవాళ్ళు కేక వేసినప్పుడు వీళ్ళు ఉలిక్కిపడతారు, వీళ్ళు కేక వేసినప్పుడు వాళ్ళు.

బిల్లు వచ్చాక "నేనిస్తా బావా" అని జరిగే కుస్తీ మర్యాదగా ముగుస్తుంది, గెలిచినవాడికి అందరూ రాత్రికల్లా జెల్ అనే చెల్లింపు సేవలో డబ్బు పంపిస్తారు. అసలు పరీక్ష టిప్ దగ్గర. అమ్మకం పన్నును ఎవరూ ప్రశ్నించరు, సర్కారు సొమ్ము. టిప్‌కు వచ్చేసరికి ఇరవై శాతమంటే రూపాయల్లో ఎంతో లెక్క మొదలవుతుంది. టిప్ మీద బతికే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనం ఫెడరల్ చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు, జార్జియాలో చెల్లేదీ అదే. మిగతాది ప్రధానంగా టేబుళ్ళే ఇవ్వాలి. రెండు బీర్లూ ఒక స్వీట్ టీ, ఎనిమిది నిమ్మచెక్క మంచినీళ్ళూ తెప్పించుకుని మూడు గంటలు కూర్చున్న టేబుల్ ఆ లెక్కలో ఎంత బరువో అక్కడున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలిసే పది శాతం రాస్తారు.

ఈ కుర్చీలకు ఒక చరిత్ర ఉంది. 1912లో ఈ కౌంటీ నుంచి సుమారు 1,100 మంది నల్లజాతివారిని బెదిరించి, ఇళ్ళు తగలబెట్టి వెళ్ళగొట్టారు. ఆ తర్వాత ఏడు దశాబ్దాలకు పైగా ఇది దాదాపు తెల్లవారి కౌంటీ. 1987 జనవరిలో జరిగిన చిన్న పౌరహక్కుల ఊరేగింపు మీద రాళ్ళు పడితే, వారానికి సుమారు 20,000 మంది వచ్చి మళ్ళీ నడిచారు. తెల్లవాడు కానివాడు ఈ ఊళ్ళో కూర్చుని వింగ్స్‌లో కారం చాలలేదని గొణుక్కోగలగడం వెనక ఆ నడక ఉంది. ఆ గొణుగుడు తెలుగులోనే సాగుతుంది, పక్క టేబుల్ మనిషి ఎవరో పదేళ్ళయినా తెలియదు. పేట పబ్బు అన్నది ఇరుగుపొరుగు కలిసే చోటు. తెలుగువారికి ఇరుగుపొరుగు కూడా వెంట తెచ్చుకునే సామానే.

బారు కౌంటరు ముందున్న ఎత్తు కుర్చీలకు పేరు రాయించనక్కర్లేదు. చాలాచోట్ల మెనూ అంతా అక్కడే దొరుకుతుంది. పక్కన కూర్చున్నవాడు తనంతట తానే మాట కలుపుతాడు, ఎక్కువగా వాతావరణం గురించి. అక్కడ పదకొండు మంది పట్టరు. ఇద్దరు వెళ్ళండి, మంగళవారం వెళ్ళండి, బెండకాయ తెప్పించుకోండి, ఇరవై శాతం ఇవ్వండి.