పట్టుకు బీరువా, బనీనుకు స్వేచ్ఛ

ధర్మవరంలో పట్టుచీర నేసే మనిషి ఒంటిమీద ఏముందో చూశారా? ఉతికి ఉతికి రంగు మరిచిపోయిన లుంగీ, గాలి ధారాళంగా ఆడే బనీను.

చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది.
బనీనుకు ఇంట్లోనే గుర్తింపు లేదు. మసిగుడ్డ చేద్దామని వాళ్లావిడ ఎప్పటినుంచో కాచుకొని ఉంది!

చీరకు మాత్రం సుఖమా? తాళి కట్టేదాకా ఒంటిమీద, ఆ తర్వాత కలరా ఉండల మధ్య యావజ్జీవం. చుట్టాల పెళ్లిళ్లకు పెరోలు. పెళ్లికూతురు నయం, భోజనాలవగానే నైటీలోకి విడుదల.

హిందూపురం కుర్రాడు మోకాళ్లు చిరిగిన జీన్సును వేలు పోసి కొన్నాడు. నాన్న పంచె ఉచితంగానే చిరిగింది. పరువు పోయిందని అలిగింది మాత్రం కుర్రాడే.

పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఒకటి కొన్న పెద్దాయన సీట్ల మీది ప్లాస్టిక్కు ఇంకా తీయలేదు. కారు పాతబడకూడదు, తన పంచె కొత్తబడకూడదు.

మొన్న అల్లుడొచ్చాడని బలవంతంగా కొత్త పంచె కట్టించారు. గంజి దెబ్బకు కూర్చోలేక, కాఫీ నిలబడే తాగాడు.

మర్యాద తెలిసిన మామగారని అల్లుడు కూడా లేచి నిలబడ్డాడు.